తెప్పయు త్రాడును

ఈ యేటి పాఠశాలాసంచికకు మేమును నేదైన నొక వ్యాసము వ్రాసి యియ్యవలెనని సంపాదకవర్గములోని విద్యార్థులు వచ్చి యడిగినపుడు, వారిలో నొకడు "వ్యాకరణము గూర్చి మాత్రము వద్దండి, మాష్టారూ" అని మెల్లగా ననెను. ఆ మాట న్యాయమైనదే. ఏడాదిపొడవున తరగతిలో చెప్పు సంధులను సంచికలోను చెప్పుట శిక్షయే యగును. కావున పుస్తకములలో గాక, బాల్యమున సముద్రపుటొడ్డు ఇసుకలో మేము నేర్చిన పాఠము నొకదానిని వ్రాయుచున్నాము. ఇది మాకు గౌరవము తెచ్చు కథ కాదు. ఆ సంగతి ముందుగనే చెప్పివేయుట మంచిది.

శ్రీకాకుళము జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరము గలదు. దాని క్రిందుగా విజయనగరము జిల్లాకు సుమారు 28 కిలోమీటర్లు గలదు. బారువ, భావనపాడు, కళింగపట్నములు మొదలుకొని దిగువను చింతపల్లి, కోనాడ, ముక్కాము వరకు ఈ తీరములో హెచ్చుభాగము ఇసుకయే. పడవ చాటుగా నిలుచుటకు తగిన రేవులు మిక్కిలి తక్కువ. పగలు రాత్రి యనక అలలు విరిగిపడు నిట్టి యొడ్డున లోతుగా మునుగు పడవ నిలువజాలదు. ఇసుకను తాకి, అలపాటున బోల్తాపడును. అందుచేతనే మన తీరపు వాడబలిజలును జాలరులును తరతరములుగా తెప్పను నమ్ముకొనిరి. వంశధార సముద్రమున గలియు కళింగపట్నమునకు కొలదిదూరములో నున్న యొక పల్లెలో మా తండ్రిగా రుపాధ్యాయులు. మా యాటయు, ఈతయు, సగము చదువును ఆ యొడ్డుననే జరిగినవి.

తెప్ప యనిన నాలుగు దుంగలను త్రాటితో జుట్టిన చదునుబల్ల యని కొందరు తలంతురు. మా పల్లెతెప్ప యట్టిది కాదు. బూరుగువలె తేలికయైన మెత్తని దుంగలను చెక్కి, కొన ముక్కువలె పైకి లేచునట్లు మలచి, ప్రక్కప్రక్కల జేర్చి కొయ్యమేకులతో బిగించెడివారు. ఇట్లు చేసినది తెప్పలో సగము మాత్రమే. కుడిసగ మొకటి, ఎడమసగ మొకటి. వేటకు బోవునపుడు రెండు సగములను నీటియంచున జేర్చి, ముందొక కట్టు, వెనుక నొక కట్టు పీచుత్రాటితో బిగించినచో అది పడవ యగును. మరల నొడ్డు చేరినంతనే కట్లు విప్పి, సగములను వేఱుచేసి, భుజములపై నెత్తుకొనిపోయి యెండలో నారవేయుదురు. కొయ్య నీరు పీల్చినకొలది బరువెక్కును. బరువెక్కిన తెప్ప నీటిలో దిగబడి నడువదు. ఆరుటయే దానికి ప్రాణము.

ఆ రెండు సగముల నడిమి సందులోనుండి వెడల్పైన యొక పలకను నీటిలోనికి దింపెడివారు. బలములనుగూర్చి చదువుకొను పిల్లలు దీనిని జ్ఞాపక ముంచుకొనవలెను. తెరచాపకు ప్రక్కనుండి తగులు గాలి తెప్పను ప్రక్కకు నెట్టజూచును. నీటిలోని పలక నెట్టనీయదు. మిగిలిన బలము తెప్పను ముందునకు నడుపును. ఆ పలకయే లేనిచో తెప్ప ఎండుటాకువలె గాలిపోయినచోటికే పోవును. వెనుకనుండు పెద్ద తెడ్డే చుక్కాని. తెరచాప నూలుగుడ్డ, అది చివికిపోకుండ తుమ్మచెక్క కాచిన కషాయములో ముంచి యారవేయుటచే నెఱ్ఱమట్టివలె నుండెడిది.

నాలుగు గడియలు నీటిలో నడిచిన తెప్పకు రెండు గడియలు ఒడ్డున పని యుండును. మేకులు కదలినవేమో తట్టి చూడవలెను. దుంగలకు చీలిక వచ్చినదేమో వ్రేలితో తడిమి చూడవలెను. తెరచాపను తడిగా మడువరాదు. కట్టుత్రాటిని మంచినీటితో కడిగి, మూరమూరను చేతిలో త్రిప్పి, ఏ పేట నలిగినదో చూచి, నలిగినచోట కోసివేసి క్రొత్తముక్క వేయవలెను. ఏలయన తెప్పలో మేకులు ఊడినను, చాప చినిగినను ఎట్లో యొడ్డు చేరవచ్చును గాని, కట్టు తెగినచో తెప్పయే లేదు. రెండు దుంగలజత లుండును, అంతే.

మాకీ పనులు నేర్పినవాడు ఆ పల్లెలోని యొక పెద్ద. ఊరిపిల్లలందఱివలె మేమును నాతనిని "మావా" అని పిలుచుచుంటిమి. ఉపాధ్యాయుని కుమారుడ నగుటచే నాతడు మమ్ము "బాబూ" అనెడివాడు. తెడ్డువేయుటలో మాలో నెవరు గట్టివారో యని మేము వాదులాడుచుండగా విని, నవ్వి, "పందెం ఇసకలోనే గెలవాల బాబూ, నీటిలో ఏటుంది?" అనెడివాడు. ఆ మాట కర్థము మాకు పదునాఱవయేట గాని తెలియలేదు.

సంక్రాంతిపండుగ ముగిసిన మఱునాడు మా పల్లెలో తెప్పల పందెము జరుగుచుండెను. అది యే సంఘమువారును పెట్టినది కాదు. పడుచువాండ్రు తమలో తాము పెట్టుకొనినది. తెప్ప కిద్దరు. ఒడ్డునుండి రెండుమైళ్ల దూరమున, రాతి కాధారముగ గట్టిన వెదురుగడకు ఎఱ్ఱగుడ్డ తగిలించి నిలిపెడివారు. ఉదయమున కొండలవైపునుండి వీచు నేలగాలితో బయలుదేరి, ఆ గుర్తును చుట్టి, సముద్రపుగాలి లేచినపిదప తెరచాపలతో మరలి రావలెను. ముందుగ నిసుకను తాకిన తెప్పకు క్రొత్త తెరచాపకు సరిపడు గుడ్డ బహుమానము. 1994వ సంవత్సరపు సంక్రాంతికి మేమును, మా ఈడువాడైన యొక జాలరిమిత్రుడును గలిసి, వాని తండ్రి తెప్పపై పందెమున కెక్కితిమి. నాడు పదునొకండు తెప్పలు నిలిచెను.

పందెమునకు ముందురాత్రి కట్టుత్రాడు చూచు వంతు మాది. ఊరిలో నాటకము జరుగుచుండెను. తాళములు వినబడుచుండగా, లాంతరు వెలుతురున త్రాటిని త్వరత్వరగా చేతిలో త్రిప్పితిమి. ముందుకట్టు త్రాటిలో నొకచోట మూడుపేటలలో నొకటి పూర్తిగను, రెండవది సగమును నలిగియుండెను. దానిని కోసి క్రొత్తముక్క వేయుటకు ముప్పావుగంట పట్టును. మేము కోయలేదు. తెల్లవారుజామున కట్టునపుడు నలిగినవైపు దుంగలమీదికి వచ్చునట్లు లోపలికి త్రిప్పి, మంచివైపు పైకి కనబడునట్లు బిగించితిమి. పైనుండి చూచినవారికి ఆ కట్టు క్రొత్తదానివలె నుండెను. ఇంతకాలమునకు పిమ్మట నీ వాక్యములను వ్రాయుటకు మా కలము జంకుచున్నది.

పోవునపుడు నేలగాలి మెల్లనిది. తెప్ప హాయిగా నడిచెను. గుర్తును చుట్టునప్పటికి మేము మూడవవారము. మావయు నాతని కుమారుడును అందఱికంటె ముందుండిరి. పిదప సముద్రపుగాలి లేచెను. తెరచాప నిండెను. పలకను పూర్తిగ దింపి, గాలివైపునకు ఒరిగి కూర్చుండి, రెండవతెప్పను దాటితిమి. ఆ క్షణమున మా సంతోషమునకు మేర లేదు. ఒడ్డున నిలిచినవారి కేకలు వినబడుచుండెను. అలలు లేచి విరుగుటకు మొదలిడు చోటికి నూఱుగజముల దూరమున ఒక పెద్ద కెరటము వెనుకనుండి తెప్పను లేపి దింపెను. టప్పున నొక శబ్ద మయ్యెను. ముందుకట్టు తెగెను.

తెప్ప కత్తెరవలె ముందువైపు తెఱచుకొనెను. పలక జారి నీటిపాలయ్యెను. తెరచాప మామీద బడెను. మేము నీటిలో బడి, పైకి తేలి చూచునప్పటికి మిత్రుడు కేకవేయుచుండెను. తెఱచుకొనిన దుంగలు మఱుకెరటమున మరల మూసుకొనుటలో వాని కుడికాలు మోకాలిక్రింద రెండింటినడుమ చిక్కెను. ప్రతి కెరటమునకును దుంగలు కదలి యాకాలిని నలుపుచుండెను. మేము రెండుచేతులతో దుంగను లాగితిమి. నీరు పీల్చిన దుంగను నీటిలో నిలువనెలవు లేనివా డెట్లు కదల్చగలడు? అలలు విరుగుచోటికి మేము మెల్లమెల్లగా జారుచుంటిమి. అందు పడినచో నేమగునో తీరమున బుట్టిన పిల్లవాని కెవరును చెప్పనక్కఱలేదు.

మావ తెప్ప అప్పటికే అలల దాపునకు పోయియుండెను. మఱి రెండుమూడు నిమిషములలో ఇసుకను తాకియుండును. ఆతడు వెనుదిరిగి చూచెను. మఱుక్షణమున నాతని తెరచాప క్రిందికి దిగెను. తండ్రికొడుకులు తెడ్లు పట్టి, గాలికెదురుగా మావైపునకు వచ్చిరి. వెనుకనున్న తెప్పలలో నొకటి వారిని దాటి యొడ్డు చేరెను. మావ అటు చూడనైన లేదు. దుంగలసందున తెడ్డుకొనను జొనిపి, తన బరువంతయు మోపి, దుంగను లేవనెత్తి పట్టెను. కుమారుడు కాలిని తీసెను. మమ్మిద్దరిని తమ తెప్పపైకి లాగుకొని, వెనుకకట్టును కత్తితో కోసి మా సగములను నీటికి విడిచి, మావ యొక్కసారి వంగి, తెగిన ముందుకట్టు త్రాటిముక్కను తీసి నడుమున దోపుకొనెను. మాటాడలేదు.

మిత్రుని కాలియెముక విఱిగెను. శ్రీకాకుళమునకు గొనిపోయి కట్టు కట్టించిరి. మూడునెలలు వాడు వేటకు బోలేదు. వాని యింట చేయి యొకటి తఱిగిన దుఃఖము మా పల్లెవంటి చోట నెంతటిదో పట్టణవాసులకు తెలియుట కష్టము. ఊరివారందఱును "కెరటం పెద్దది, పిల్లలేటి చేస్తారు" అని మమ్ము జాలితో జూచుచుండిరి. ఆ జాలి మాకు దెబ్బలకంటె నెక్కువ బాధించెను.

మఱునాటి యుదయమున మావ మా యింటికి వచ్చెను. మా తండ్రిగారు లోపల నుండిరి. ఆతడు నడుమునుండి త్రాటిముక్కను తీసి మా చేతిలో బెట్టెను. తెగిన కొన రెండువిధములుగ నుండెను: ఒక పేట అప్పుడు తెగినట్లు తెల్లగాను, మిగిలినవి ముందే నలిగి నల్లగాను. ఆ కొన చూచిన జాలరి కెవరికైనను కథ యంతయు తెలియును. "ఇది నా కాడే ఉంది బాబూ, ఎవులూ సూడలేదు" అని చెప్పి వెళ్లిపోయెను. నిందించినయెడల నేదో సమాధానము వెదకి యుందుము. నిందింపలేదు. ఆ సాయంకాలమే మేము తండ్రిగారితో జెప్పి, మిత్రుని తండ్రివద్దకు బోయి నిజమును చెప్పుకొంటిమి. అటుపిమ్మట మిత్రుని మంచముకడకు బోయి చెప్పితిమి. వాడు గోడవైపు చూచుచు, "నానూ సూసినాను. పందెం తప్పిపోద్దని ఊరుకున్నాను" అనెను. ఇద్దరము చాలసే పేడ్చితిమి.

ఇది జరిగిన చాలయేండ్లకు, ఉపాధ్యాయశిక్షణ పూర్తిచేసి బడిలో జేరినపిదప, ఒక శిక్షణతరగతికై హైదరాబాదునకు బోయితిమి. అచ్చటి హుస్సేనుసాగరము పదునాఱవ శతాబ్దమున త్రవ్వించిన చెఱువు. దానిమీద తెల్లని తెరచాపపడవలు గుంపుగా తిరుగుచుండగా జూచి, మా కాళ్లు తామే యొడ్డునకు నడచినవి. 2009లో స్థాపింపబడిన హైదరాబాదు యాట్ క్లబ్బు పేదపిల్లలకు సయితము ఈ విద్య నేర్పుచున్నదని యప్పుడు తెలిసినది. అక్కడ నొక శిక్షకుడు, లోగడ బొంబాయిరేవున పందెములాడినవాడు, మా ప్రశ్నల కోపికతో బదులు చెప్పెను. సాగరముపై తిరుగునవి తేలికపడవలనియు, వాని యడుగున మన తెప్పలోవలెనే తీసిపెట్టుకొను పలక యుండుననియు జూపెను. సముద్రముపై పందెములాడు కొన్ని చిన్ననౌకలకు మాత్రము పలకకు బదులు సీసముతోనో ఇనుముతోనో చేసిన బరువైన వెన్నుదూల ముండును. నౌక మొత్తము బరువులో మూడవవంతు మొదలు సగమువరకు ఆ యొక్కదానిలోనే యుండవచ్చును. గాలి నౌక నొరగద్రోసిన కొలది ఆ బరువు దానిని మరల నిలువబెట్టును. 1846లో స్థాపింపబడిన బొంబాయి రాయల్ యాట్ క్లబ్బువా రిట్టి యొకేతీరు నౌకలను గుంపుగా నుంచి పందెములు నడుపుదురు. నౌకలన్నియు నొక్కతీరువే యగుటచే గెలుపు ధనముపై గాక, నడుపువాని నేర్పుపైనను, పోషించువాని శ్రద్ధపైనను ఆధారపడును.

వాని పోషణ వినగా మావ చెప్పిన పాఠమే మరల వినినట్లుండెను. నీటిలోనే నిలుచు నౌక యడుగున గుల్లలును నాచును బట్టును. గీకి శుభ్రము చేయనిచో వేగము చచ్చును. మన తెప్ప దినదినము నొడ్డెక్కుటచే నా బాధ దానికి లేదు. తెరచాపకొయ్యను నిలబెట్టు ఉక్కుతీగెలలో నొక్క పోగైన విఱిగినదేమో గుడ్డతో తుడిచి చూడవలెను. ఉప్పునీరు సోకిన కప్పీలను మంచినీటితో కడుగవలెను. అన్నిటికంటె ముఖ్యముగా వెన్నుదూలమును నౌకకు బట్టియుంచు మరలను, వాని చుట్టునున్న కట్టును అడుగుబల్లలను తీసి చూడవలెను. అవి పైకి కనబడవు. 2014 మే నెలలో చీకీ రఫీకీ అను నౌక అట్లాంటిక్ మహాసముద్రమునడుమ వెన్నుదూల మూడి బోల్తాపడెను. అందలి నలుగురును మరణించిరి. ఆ నౌక అంతకుముందు పలుమార్లు నేలను తాకినదనియు, ఆ దెబ్బలకు లోపలికట్టు కనబడకుండ సడలి యుండవచ్చుననియు విచారణచేసినవారు వ్రాసిరి. మేము ఆ సంగతి చదివిననాడు రాత్రి నిద్రపోలేదు.

ఆ శిక్షకుడు మాకు పందెపు నియమముల పుస్తకమును జూపెను. ప్రపంచమంతట నాలుగేండ్ల కొకసారి సవరింపబడు పుస్తక మది. ఏ నౌక దేనికి దారి యియ్యవలెనో అందు వివరముగ నున్నది. ఆ నియమములను మీఱి మఱియొకనికి అడ్డువచ్చినవాడు, ఎవరును చెప్పకమునుపే, తన నౌకను రెండుసార్లు గిఱ్ఱున త్రిప్పి తన శిక్షను తానే తీర్చుకొనును. కాని మొట్టమొదటి నియమము దారినిగూర్చినది కాదు, గెలుపునుగూర్చినది కాదు. అపాయమున నున్నవారికి చేతనైన సాయమెల్ల చేయవలెననునది. 1988 సియోలు ఒలింపిక్ క్రీడలలో, పూసాన్ సముద్రమున, కెనడా దేశీయుడైన లారెన్స్ లెమ్యూ రెండవస్థానమున పోవుచు, వేఱొక పందెములోని సింగపూరు నావికు లిద్దరు బోల్తాపడిన పడవకడ కొట్టుకొనుట చూచి, పందెమును విడిచి వారిని రక్షించెను. ఒడ్డు చేరునప్పటికి చాల వెనుకబడెను. న్యాయనిర్ణేతలు ఆతనికి రెండవస్థానమునే యిచ్చిరి. ఒలింపిక్ సంఘమువారు ప్రత్యేకపతకముతో గౌరవించిరి.

ఈ కథ వినుచుండగా మా కన్నుల ముందు నిలిచినది పూసాన్ కాదు; క్రిందికి దిగుచున్న యొక ఎఱ్ఱమట్టి తెరచాప. మావ ఆ పుస్తకమును జూడలేదు. అక్షరము చదువుట యాతనికి రాదు. ఆతనికి పతకము రాలేదు, తెరచాపగుడ్డయు రాలేదు. అయినను మొదటినియమ మాతనికి కంఠస్థము.

ఇపుడు మా పల్లెలో కొయ్యతెప్పలు కానరావు. ఫైబరుపడవలును, వానికి మోటార్లును వచ్చినవి. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానున మన జిల్లాలో నెన్నియో పడవలు పాడైనవి. పనిముట్లు మారినను పని మారలేదు. మోటారుకు నూనె చూచుకొనువాడు నాటి త్రాడు చూచుకొనువాడే. ఆ యేడే, మే 21వ తేదిని, ఆరుగురు స్త్రీలు మాత్రమే నడిపిన మన నౌకాదళపు తారిణి భూమిని చుట్టి గోవా చేరినది. 2017 సెప్టెంబరు 10న బయలుదేరిన ఆ 56 అడుగుల తెరచాపనౌకలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు ఐశ్వర్యయు నుండిరి. తుదిమజిలీలో చుక్కానియంత్రము చెడగా వారు పందెపుగుఱ్ఱమువలె పరుగెత్తక, మారిషస్ రేవున నిలిచి బాగుచేయించుకొని, అటుపిమ్మట నింటికి వచ్చిరి. మన బాలికలు ఆ సాహసమునే గాక, ఆ నిలుచుటను గూడ గమనింపవలెనని మా కోరిక.

మా మిత్రు డిపుడు సొంతపడవ గలవాడు. చలికాలమున కుడికాలు కొంచెము లాగునని చెప్పును గాని, ఆ మాటతో మమ్ము నొప్పింపవలెనని యాతని యభిప్రాయము కాదు. ప్రతి సంక్రాంతికిని మే మాతని యింటికి బోవుదుము. భోజనమునకు ముందు మమ్ము ఒడ్డునకు గొనిపోయి, "సూడు మాష్టారూ" అని త్రాళ్లన్నియు జూపును. మేము మూరమూరను త్రిప్పి చూతుము. మావ పోయి చాలయేండ్లయినది.

విద్యార్థులారా, మీలో ననేకులు సముద్రమున కెన్నడును బోరు. అయినను మీ కందఱికిని త్రాళ్లు గలవు. తెలియని లెక్కను ప్రక్కవాని పుస్తకమునుండి యెత్తి వ్రాసినపుడు, విఱిగిన పరికరమును ప్రయోగశాల బీరువాలో వెనుకకు నెట్టినపుడు, తండ్రికి చూపవలసిన మార్కులపత్రము మడతపెట్టినపుడు, మీరు నలిగినవైపును లోపలికి త్రిప్పుచున్నారు. కట్టు క్రొత్తదానివలెనే కనబడును. కెరటము వచ్చువరకు ఎవరికిని తెలియదు. అది వచ్చినపు డా కట్టులో చిక్కునది మీ కాలే కానక్కఱలేదు. కావున నలిగినవైపును పైకి త్రిప్పుడు. మాకు జూపుడు. కోసి క్రొత్తముక్క వేయుటకు ముప్పావుగంట చాలును. ఆ ముప్పావుగంట మీతో కూర్చుండుటకే మే మున్నాము.